చీటీ తీసే చెయ్యి

స్టీలు పళ్లెంలో రెండు చీటీలు. మడత పెట్టలేదు. రాసిన వైపు పైకి ఉంది.

ఒకదాని మీద ఎంపీసీ. ఒకదాని మీద బైపీసీ.

యేసుమణి చదవకూడదనే అనుకుంది. అప్పటికే చదివేసింది.

బావ గిడియన్ ఇంట్లో ఏ పెద్ద సంగతైనా చీటీ వేసే తేల్చేవారు. ఇల్లు మారడం, పెళ్లి సంబంధం, ఆపరేషన్‌కు ఏ ఆస్పత్రి. ముందు ప్రార్థన, ఆ తర్వాత పళ్లెం. తీసేది మాత్రం యేసుమణి.

ఇంట్లో అక్షరం ముక్క రానిది ఆమె ఒక్కతే మరి.

మడిచిన చీటీలో ఎవరి మాయైనా ఉండొచ్చు, అందరికీ కనబడేట్టు పరిచి, చదువురాని చెయ్యి తీస్తే అది దేవుని మాటేనని గిడియన్ నమ్మకం.

భర్త పోయాక ఆమె కూతురితో సహా ఈ నీడకే చేరింది. పొద్దంతా అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో వంట. అక్కడ ఆమె పేరు కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఈ పళ్లెం ముందు మాత్రం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఆమె చేతి వంక చూసేవారు.

పోయిన వానాకాలం కూతురు జాయ్సీ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. వచ్చే క్రిస్మస్ ఆరాధనలో హఠాత్తుగా లేచి తానే బైబిల్ వాక్యం చదవాలి, బావ నోరు తెరుచుకుని చూడాలి. తల్లీకూతుళ్లు తలుపు వేసుకుని ఆ ముచ్చటే చెప్పుకుని నవ్వుకునేవారు.

చీటీల సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇప్పుడు పదో తరగతి ఫలితాలు వచ్చాయి. జాయ్సీ లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఆ పరీక్షకు ముందు పిల్ల వాంతులు చేసుకోవడం తల్లి ఒక్కతే చూసింది. నర్సు కావాలని జాయ్సీ ఆశ. సైన్సు పుస్తకం పట్టుకుంటే అన్నం సంగతి కూడా మరిచిపోతుంది.

గిడియన్‌ది ఎంపీసీ పట్టు. చెడ్డవాడు కాదు. పంజాగుట్ట నుంచి వచ్చేటప్పుడు హోర్డింగుల మీద ర్యాంకుల పిల్లల ముఖాలు చూస్తాడు. తమ్ముడి బిడ్డ ముఖం కూడా అక్కడ ఉండాలని కోరుకున్నాడు, అంతే. కాలేజీ వాళ్లతో మాట్లాడి కూడా వచ్చాడు.

జాయ్సీ బైపీసీ అంటే ఆయన తిట్టలేదు. మనలో మనకు కొట్లాట ఎందుకు, ప్రభువునే అడుగుదామన్నాడు.

ప్రార్థన అయిపోయింది. అందరూ కళ్లు తెరిచారు. జాయ్సీ గోడవైపు తిరిగి మోకాళ్ల మీదే ఉంది.

"తియ్ మణీ. ఫికర్ చెయ్యకు," అన్నాడు గిడియన్. "నీకేం తెల్వదు. అందుకే ఆయన నీతోని మాట్లాడుతడు."

యేసుమణి కళ్లు మూసుకుంది. మూసుకున్నా, బైపీసీ ఎడమ పక్కన ఉందని తెలుస్తూనే ఉంది.

ఎంపీసీ తీస్తే, అమ్మ చదివే తీసిందని బిడ్డకు తెలుస్తుంది.

బైపీసీ తీస్తే పైవాడికి తెలుస్తుంది.

నాకు చదవొస్తది బావా, అన్న మాట గొంతుదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఆ చీటీలే మడిచి ఇంకొకరి చేత తీయిస్తారు. మడిచిన చీటీకి పిల్ల వాంతుల సంగతి ఏం తెలుసు?

చెయ్యి ఎడమ పక్కకు పోయింది.

గిడియన్ చీటీ అందుకున్నాడు. చదివాడు. మెల్లగా మోకాళ్లూనాడు.

"నా ఇష్టం కాదు ప్రభువా. నీ చిత్తమే," అన్నాడు.

అందరూ ఆమేన్ అన్నారు. యేసుమణి తప్ప.

మర్నాడు తల్లి హాస్టల్ నుంచి రాగానే జాయ్సీ పలక తెచ్చి పక్కన కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"క్రిస్మస్‌కు ఏ వాక్యం చదువుతవమ్మా?"

"నాకు చదవరాదు బిడ్డా," అంది యేసుమణి.

జాయ్సీ పలక తీసి బట్టల కిందికి తోసేసింది.

ఆదివారం ఆరాధనలో గిడియన్ లేచి సాక్ష్యం చెప్పాడు. తన గర్వాన్ని దేవుడు ఎలా విరిచాడో చెప్పాడు. అక్షరం ఎరగని తన మరదలి చేతిని గురించి చెప్పాడు. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

ఆరాధన ముగిసీ ముగియగానే మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చే యెషయా తన కూతుర్ని వెంటబెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆ పిల్లదీ పదో తరగతి అయిపోయింది. వాళ్ల వెనక ఇంకొందరు తల్లులు, వాళ్ల పిల్లలు.

"మా పిల్లకు సుత జర తియ్యి చెల్లె. ఇంట్ల రోజూ లొల్లే. నేనొకటంట, వాళ్లమ్మ ఒకటంటది. నువ్వు తీసినవంటే అందరం నోరు మూస్కుంటం."

పిల్ల ఏమంటుందో ఆయన చెప్పలేదు.

యేసుమణి చేతులు కొంగు కింద దాచుకుంది. చెయ్యి నొప్పిగా ఉందంది.

గిడియన్ నవ్వాడు. "దేవుడిచ్చిన వరానికి సుత సెలవుంటదా మణీ?"

ఎవరో కానుకల పళ్లెం ఖాళీ చేసి తెచ్చారు. యెషయా అందులో మూడు చీటీలు పరిచాడు. జనం చుట్టూ మూగారు. వాకిలి కనబడలేదు.

యేసుమణి చీటీల వైపు చూడలేదు.

ఆ పిల్ల కళ్లు ఏ చీటీ మీద నిలిచాయో చూసింది.