వెనక నడిచినవాడు

"కట్!"

డైరెక్టర్ విసుగ్గా కుర్చీలోంచి లేచాడు. పొద్దుటినుంచి ఇదే షాటు. హీరో బజారులో నడిచి రావాలి, వెనకాల జనం నడవాలి. ఇంత చిన్న పనికి ఇంతమంది చెమటలు కక్కుతున్నారు.

"ఈసారి ఏమైంది?" అన్నాడు హీరో. అడగడానికి కూడా అతనికి ఓపిక లేదు.

"మీ వెనకాల ఒకాయన అచ్చం మీలాగే నడుస్తున్నాడు సార్. మానిటర్‌లో చూస్తే ఇద్దరు గుమాస్తాలు!"

హీరో నిట్టూర్చాడు.

మొదటి సినిమాలో అతను వేసిన ముసలి గుమాస్తా నడక ఊరూవాడా పాకిపోయింది. బడిపిల్లలు నడిచారు, మిమిక్రీవాళ్లు నడిచారు, ఆఖరికి అతని బావమరిది కూడా నడిచి చూపించాడు. తర్వాత అతను దొంగయ్యాడు, డాక్టరయ్యాడు, చూపులేని గాయకుడయ్యాడు. ఎన్ని వేషాలు వేసినా జనం మాత్రం ఆ నడకే అడిగారు. ఇప్పుడు ఆ మొదటి సినిమాకే రెండో భాగం తీస్తున్నారు.

కో-డైరెక్టర్ ఆ జూనియర్ ఆర్టిస్టును రెక్క పట్టుకుని తెచ్చి హీరో ముందు నిలబెట్టాడు. నెరిసిన గడ్డం, కంపెనీవాళ్లు ఇచ్చిన వదులు కోటు.

"ఏంటి పెద్దాయనా, వెటకారమా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ వరస!" అన్నాడు కో-డైరెక్టర్.

"అయ్యో, లేదు బాబూ. నా నడకే ఇంత."

"సరే, అక్కణ్ణుంచి మామూలుగా నడిచి రా, చూద్దాం."

పెద్దాయన ఎదురుగా నడిచి వచ్చాడు. మళ్లీ అదే నడక. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంకోలా నడవబోయి, తడబడి, లైటు వైరు తట్టుకుని ముందుకు తూలాడు. ఈసారి నవ్వులు పెద్దవయ్యాయి.

"పోనీ ఓ మూల కూర్చోబెట్టండి బాబూ," అన్నాడు హీరోతో. "ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక ఈ పనికి వస్తున్నా. నలుగురి మధ్యా ఉంటే పొద్దుపోతుంది."

హీరో ఒక్క మాట అంటే చాలు. పక్కనే కొట్టు అరుగుమీద చోటుంది. కానీ ఒళ్లు అలిసిపోతే మనసు కూడా ఇరుకైపోతుంది.

"ఎవరి నడక వాళ్లు నడిస్తే ఏం పోయిందండీ? పంపించెయ్యండి," అన్నాడు విసుగ్గా.

"విన్నావుగా? ఇక నిన్ను ఏ షూటింగుకీ పంపొద్దని ఏజెంటుకు కూడా చెప్తాను," అన్నాడు కో-డైరెక్టర్.

పెద్దాయన కోటు విప్పి, మడతపెట్టి ఇచ్చేశాడు.

తర్వాతి షాటు ఓకే అయింది.

కారవాన్‌లో విలేకరి అమ్మాయి ఎదురుచూస్తోంది. హీరో సోఫాలో కూలబడ్డాడు.

"ఇన్ని రకాల పాత్రలు ఎలా చేస్తున్నారు సార్?"

"అంతా డ్రామా స్కూల్ చదువేనమ్మా. వీధిలో ఎవరో ఒకరిని ఎంచుకుని, వాళ్లకు తెలియకుండా వెంట నడవమనేవారు మా మాష్టారు. ఆ మనిషిని క్లాసులో దించాలి."

"గుమాస్తా నడక కూడా అలా వచ్చిందేనా?"

"అదీ అంతే. భార్యాభర్తలిద్దరు రోజూ ఆసుపత్రికి నడిచి వెళ్లేవాళ్లు. ఆవిడ ఆయన భుజం మీద వాలిపోయి నడిచేది. ఆయన ఒక అడుగు వేసి, ఆవిడ అందుకునేదాకా ఆగేవాడు. ఆవిణ్ణి వదిలేసి ఆయన నడక ఒక్కటే పట్టుకున్నా. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందేనమ్మా."

"ఆయన్ని మళ్లీ కలిశారా?"

"కలిసినా గుర్తుపట్టలేను. వెనకాలే నడిచాను కదా, మొహం ఎప్పుడూ చూడలేదు. తెలిస్తే మాత్రం తెచ్చి నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి."

అంటూనే కిటికీ తెర పక్కకు జరిపాడు.

రోడ్డుమీద బస్సు ఆగి ఉంది. ఇందాకటి పెద్దాయన అటు తిరిగి దానివైపు నడుస్తున్నాడు. ఇక్కడికి వీపొక్కటే కనిపిస్తోంది.

హీరో తలుపు తోసుకుని బయటికి దూకి, "పెద్దాయనా! ఆగండి!" అని అరిచాడు. జనరేటర్ హోరులో ఆ కేక ఎవరికీ వినపడలేదు.

పెద్దాయన బస్సు మెట్టు దగ్గర ఆగి, ఒక భుజం కాస్త వంచి, పక్కన లేని మనిషి ముందు ఎక్కేదాకా చూసి, అప్పుడు తాను ఎక్కాడు.