ఆల్బుమిన్ దొంగ

బావమరిది దొంగ. అందులో అనుమానం లేదు.

భార్య ఆయనతోపాటు ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ ఫ్రిజ్‌లో ఆల్బుమిన్ సీసా నిండుగా ఉండేది. ఆవిడ చనిపోయింది, ఆవిడ కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు, సీసా తరగడం మొదలైంది. చవక ప్రొటీనే. దొంగతనం మాత్రం దొంగతనమే. ఆయన సీసా మీద గీత గీసి టీకి వెళ్లాడు. వచ్చేసరికి ద్రావణం గీత కిందికి దిగిపోయింది.

“అదంతా ఏం చేస్తున్నావురా? తాగి కండలు పెంచుతున్నావా?”

బావమరిది చొక్కా చెయ్యి మడిచి చీపురుపుల్లలాంటి దండచెయ్యి చూపించాడు. “పెరిగాయంటావా బావా?”

ఆ వెటకారమే ఆయనకు గిట్టదు.

ఇవాళ ఆటలు సాగవు. నానా తంటాలు పడి తీసిన కొత్త ప్రొటీన్ రెండే చుక్కలుంది. అందులో ఏ సైజు ప్రొటీన్లు ఎంతెంత ఉన్నాయో చూడటానికి డైరెక్టర్ మేడమ్ వస్తోంది. చూపించలేకపోతే ప్రాజెక్టు మూతే.

పొద్దున్నే ప్రొటీన్లను సైజువారీగా విడదీసే యంత్రంలో పొర మార్చాడు. రోజూ మారుస్తాడు. నిన్న వాడిన పొర ఆయనకు ఎంగిలితో సమానం. సన్నటి సందులో ఆ పొర మీదుగా నీరు పారుతుంది. పైనుంచి ఇంకో ధార అదుముతుంది. చిన్న ప్రొటీన్లు ముందు, పెద్దవి వెనక బయటపడతాయి. ఒక్కో రకం స్క్రీన్ మీద ఒక్కో గుట్టలా లేస్తుంది.

పొర మార్చగానే టీకి వెళ్లడం అలవాటు. ఇవాళ వెళ్లలేదు. బావమరిదిని బయటికి నెట్టి గడియ పెట్టాడు.

“బావా, కాస్సేపు లోపలికి రానీ!”

“దేనికి, దోచుకోడానికా?”

“నీ కాళ్లు పట్టుకుంటా, టీకి వెళ్లు!”

“పోరా!”

మొదటి చుక్క వదిలాడు. స్క్రీన్ మీద గీత ఎక్కడా లేవలేదు. ప్రొటీన్ మాయం.

విసురుగా తలుపు తీశాడు. ఎదురుగా మేడమ్, పక్కనే బావమరిది.

“వీడు దొంగ మేడమ్! ఇన్నాళ్లూ ఆల్బుమిన్, ఇవాళ నా ప్రొటీన్!”

“ఇంతసేపూ నా పక్కనే ఉన్నాడే!” అంది మేడమ్.

“రెండోది వదులు బావా. ఇప్పుడొస్తుంది.”

ఇంకో దారి లేక వదిలాడు. గుట్టలు ఒకదాని వెనక ఒకటి చక్కగా లేచాయి. మేడమ్ చప్పట్లు కొట్టింది.

“మరి మొదటి చుక్క ఎవరు మింగారు?”

“కొత్త పొర మేడమ్! మహా ఆకలి మీదుంటుంది. ముందొచ్చిన ప్రొటీన్‌ని ఒంటికి అంటించేసుకుంటుంది, కడుపు నిండాక వచ్చినదాన్ని వదిలేస్తుంది. అందుకే బావ టీకి వెళ్లగానే దానికి ఆల్బుమిన్ మేపేస్తాను. రోజూ పొర మార్చొద్దంటే వినే మనిషి కాదుగా!”

“నాకెప్పుడు చెప్పావురా?” అరిచాడాయన.

“నీకు చెప్పి లాభం లేదని అక్కే అంది బావా. నాకంటే ముందు అన్నేళ్లూ మేపింది తనే. కాకపోతే అక్క సాయంత్రానికి మళ్లీ సీసా నింపేసేది. నేను మరిచిపోతుంటా.”

ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

“ఈ సంగతి నేను చచ్చేదాకా నా దగ్గర ఎవరూ ఎత్తకండి,” అన్నాడు.