గోడవైపు కిటికీ

"ఒక్కసారి చేతిలోకి తీసుకోవచ్చా?" అని అడిగాడు కొత్తాయన.

గడియారాలు బాగుచేసే మేస్త్రి తటపటాయించాడు. మోడల్ రైళ్ల క్లబ్బులో అద్దాల బీరువా ఉంది. అందులోని ఆ ఇత్తడి రైలుకారును ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఇంజనూ బోగీ ఒకటే అయిన బుల్లి బండి అది. చిన్నప్పుడు బడికి అలాంటి అసలు బండిలోనే వెళ్లేవాడు. అసలు బండి ఎప్పుడో తుక్కు కింద పోయింది, దాని నక్షా కూడా మిగల్లేదు. పాత ఫొటోలు వెతికి, జ్ఞాపకాలు తవ్వి, ఏళ్ల తరబడి ఆకురాయి పట్టి దాన్ని మళ్లీ పుట్టించాడు.

"చూడండి. పడేయకండి మరి."

కొత్తాయన బండిని అందుకుని నేరుగా రెండోవైపు తిప్పాడు.

మేస్త్రి మొహం మాడిపోయింది. అసలు బండికి కిటికీలన్నీ ఒకే వెడల్పు. ఒకచోట గీత తప్పు పడి, అటువైపు ఓ కిటికీ ఇరుకైంది. రేకు కోసేశాక గాని చూసుకోలేదు. మోడళ్లు చేసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. బాగున్న వైపు జనానికి, తప్పున్న వైపు గోడకి.

"దీన్ని ఇంకెవరైనా ఇలా తిప్పి చూశారా?"

"నేనూ మా బావమరిదీ తప్ప ఎవరూ ముట్టుకోలేదు. మీరే మొదలు."

కొత్తాయన ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు, మూల కుర్చీలో కూర్చునేవాడు, వెళ్లిపోయేవాడు. క్లబ్బువాళ్లు ఆయనకి మౌనస్వామి అని పేరు పెట్టారు.

ఆయన రాకముందు నుంచీ క్లబ్బులో ఒకటే మాట. ఓ కంపెనీ అదే రైలుకారును తయారుచేస్తోందట. అతికించడాలు, రంగులు వేయడాలు ఏమీ అక్కర్లేదు. అట్టపెట్టెలోంచి తీసి పట్టాల మీద పెడితే చాలు, పరిగెడుతుంది. పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా చంటిపిల్లల్లా రోజులు లెక్కపెట్టారు.

మేస్త్రికి మాత్రం లోపల ఇంకో ఆశ ఉండేది. ఆ బండి గురించి తనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కొలతల కోసం కంపెనీవాళ్లు తన దగ్గరికే వస్తారని, ఎక్కడో ఓ మూల తన పేరు వేస్తారని. అడుగుల చప్పుడైతే చాలు, గుమ్మం వైపు చూసేవాడు.

ఎవరూ రాలేదు. కంపెనీ బండి ఫొటో వచ్చింది.

క్లబ్బు కార్యదర్శి అయిన బావమరిదే ఫోను అందరికీ చూపించాడు. రెండు వైపులా తీసిన ఫొటోలు. మేస్త్రి రెండోదాని దగ్గర ఆగిపోయాడు. అటువైపు ఒక కిటికీ ఇరుగ్గా ఉంది.

"ఇది నా తప్పురా. లోకంలో ఇంకెవరూ చెయ్యని తప్పు. దీనికెలా వచ్చింది?"

బావమరిది ఫోను తన వైపు తిప్పుకున్నాడు.

"ఇంకెవరు బావా, మౌనస్వామే. వచ్చీరాగానే తిప్పి చూడలేదూ? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం."

కోపంలో ఉన్నవాడికి ముందూ వెనకా తోచదు. మౌనస్వామి రాకముందే కంపెనీ బండి సంగతి చెప్పిందన్న మాట మేస్త్రికి గుర్తే రాలేదు.

ఆదివారం మౌనస్వామి రాగానే ఫోను మొహం ముందు పెట్టాడు.

"ఈ కిటికీ ఎవరు గీశారు?"

"నేనే. నేనే ఉంచాను," అన్నాడాయన నిదానంగా. "మీరొక్కసారి బయటికి రండి. చెప్తాను."

"ఇక్కడే చెప్పండి, అందరూ వింటారు."

ఆయన మేస్త్రిని చూశాడు. పక్కనున్న బావమరిదిని చూశాడు.

"అందరి ముందూ చెప్పే మాట కాదండీ."

"దొంగలకి మాటలెక్కడుంటాయి," అని బావమరిది తలుపు తీసి పట్టుకున్నాడు.

"నా సగం ఆయుష్షు దోచుకుపోయారు మీరు. మళ్లీ ఈ గడప తొక్కకండి," అన్నాడు మేస్త్రి.

ఆయన తలవంచుకుని మెట్లు దిగిపోయాడు.

వానలు పట్టాక బండి వచ్చింది. కంపెనీ కుర్రాడు అట్టపెట్టెలు మోసుకొచ్చి, తిన్నగా బావమరిది దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు.

"మీరు చేసిన మోడల్ ఫొటోలూ కొలతలూ పంపకపోతే మాకీ బండి లేదు సర్."

మేస్త్రి ఓ పెట్టె తీసి తిప్పాడు. అడుగున చిన్న అక్షరాల్లో, మూల నమూనా చేసినవారు అని బావమరిది పేరు ఉంది.

"బావా... వాళ్లే ఏదో అనుకుని వేసేశారు. నేను చెబుదామనే..."

మేస్త్రి పెట్టెను బల్ల మీద పెట్టేశాడు. దోచింది పరాయివాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. వీడికి ఆకురాయి పట్టడం తనే దగ్గర కూర్చుని నేర్పాడు. ఇంటికి వెళ్లి భార్యకి ఏమని చెప్పాలి?

పెట్టెలోని బండిని తీసి, రెండోవైపు తిప్పి కుర్రాడిని అడిగాడు.

"ఈ కిటికీ ఇరుకుగా ఉందేం బాబూ?"

"అందరూ అదే అడుగుతున్నారండీ. మా డిజైనరు మొండితనం. పాత ఫొటోలు చూపించి దిద్దమంటే దిద్దలేదు. ఇది దిద్దితే ఈ బండి ఎవరి చేతిలో పుట్టిందో ఆనవాలే ఉండదన్నాడు. అసలు ఎవరు చేశారో చూడాలని మీ క్లబ్బుకి కూడా వచ్చాడు కదా."

"ఆయనిప్పుడు ఎక్కడున్నారు?"

"తెలీదండీ. ఊరే వదిలేశాడన్నారు. ఇక్కడ మీ అందరి చేతా మాటలు పడి వచ్చాక కూడా, ఎవరో గడియారాల మేస్త్రి పేరు వేస్తేగాని పెట్టెలు అచ్చుకి పోనివ్వనని భీష్మించుక్కూచుని, ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్నాడు పాపం."