సంచిలో మట్టి

“ఇది నా పొలం మట్టి కానే కాదు!” బల్ల గుద్ది అరిచాడు రైతు.

మట్టి పరీక్షలు చేసే ఆవిడకి ఒళ్ళు మండింది. ఫెయిలైన ప్రతివాడూ పాడే పాటే ఇది. అతను సంచిలో తెచ్చిన మట్టి నింపిన కుండీని అతని ముక్కు కిందికి తోసింది. అందులో వేసిన మొక్కజొన్న మొలకెత్తనైతే మొలకెత్తింది గానీ, ఏపుగా లేవాల్సిన మొలకలు గిడసబారి, వంకర్లు తిరిగి, ఊదారంగులో పడున్నాయి. ఒకదాన్ని పట్టి లాగింది. వేళ్ళు లేవు, ఉబ్బిన మొండి ఒకటి చేతికొచ్చింది.

“గడ్డిమందు. మట్టిలో పేరుకుపోయింది. మొక్కజొన్నా గడ్డిజాతే కదా, అందుకే ఇలా అయింది. పక్క కుండీలో, మందు లేని మట్టిలో అవే గింజలు ఎలా ఉన్నాయో చూడండి.”

“ఈ ఒక్కసారికి పాస్ చేసెయ్యమ్మా. పిల్లల ఆసుపత్రి వంటశాల నా దగ్గర ఆకుకూరలు కొంటానంది. నీ కాగితం లేకపోతే ఆ బేరం పోతుంది. ఈ మందుకి గడ్డే చస్తుంది, ఆకుకూర నవనవలాడుతూనే ఉంటుంది. ఎవడు కనిపెడతాడు?”

“జబ్బుపడ్డ పిల్లలకి విషం పెడతారా? ఛీ!”

పక్కనే, పదిరోజుల కిందట మట్టి ఇవ్వడానికొచ్చినప్పటిలాగే ఒళ్ళో ఆకుకూర కట్ట పెట్టుకుని కూర్చున్న అతని భార్య మోచేత్తో పొడిచింది. “నిజం చెప్పెయ్యండి.”

రైతు నసిగాడు. “పొలం మట్టి తెస్తే ఫెయిలవుతుందని తెలుసమ్మా. అందుకే మా పెరటి మట్టి తెచ్చా. మేం తినడానికి పెంచుకునే మడిలోది. అక్కడ చుక్క మందు కొడితే ఒట్టు!”

తాము తినేదానికి మందు లేదు, అమ్మేదానికి మాత్రం ఉంది! అతని మొహం చూడ్డానికే ఆవిడకి అసహ్యమేసింది.

“మరి పొలంలో మందు కొట్టొచ్చాక ఆ స్ప్రే పంపు ఎక్కడ కడుగుతారు?”

జవాబు భార్య చెప్పింది.

“పెరట్లోనే. ఆ నీళ్ళు మడిలోకే పోతాయి.”

భార్య ఒళ్ళోని కట్టని మెల్లిగా కుర్చీ కిందికి తోసేసింది. తర్వాత పరీక్షలావిడ వంక బెరుగ్గా చూసింది.

“ఆరోజు మా మడిలోంచి కోసిచ్చిన కట్ట... మీ పాపకి వండి పెట్టేశారా తల్లీ?”