దీనావస్థ మార్కులు

బళ్ళకు గ్రాంటులిచ్చేది ఇప్పుడు అధికారులు కాదు, ఎగిరే కన్ను, అదే డ్రోను. అది వచ్చి, బడి ఎంత దీనంగా ఉందో చూసి మార్కులు వేసి పోతుంది. కారే కప్పు బాగుచేయించుకోవాలని మా బడి కూడా గ్రాంటుకు అర్జీ పెట్టింది. మార్కులు పెంచడానికి ఫణీంద్ర అనే సలహాదారుణ్ణి కుదుర్చుకున్నాం. ఆయన గోడల పెచ్చులు ఊడగొట్టించాడు, పిల్లల చొక్కాల బొత్తాలు తెంపించాడు.

తీరా కన్ను వచ్చే రోజు పొద్దున్నే, తనిఖీ అంటే చాలు చేతులూరుకోని మా హెడ్మిస్ట్రెస్ వరహాలమ్మగారు గోడలకు సున్నం కొట్టించి, ముగ్గులు పెట్టించి, మామిడి తోరణాలు కట్టించేశారు.

"కొంప ముంచారు కదండీ మేడమ్!" ఫణీంద్ర నెత్తి కొట్టుకున్నాడు.

"చూడ్డానికి వస్తున్నారంటే బడిని అలా మాసినట్టు ఉంచుతామా బాబూ?" అన్నారావిడ.

కన్ను ఓ చుట్టు తిరిగి, "ఈ బడికి ఏ లోటూ లేదు" అని ప్రకటించి వెళ్ళిపోయింది.

గ్రాంటు పక్కూరి ఏసీ బడికి దక్కింది. అక్కడా సలహాదారు ఫణీంద్రే. మేడ మీద తాటాకు పాక సెట్టు వేయించి, అందులోకి వాన కూడా అద్దెకు తెప్పించాడట.

మర్నాడు మా తరగతి గదుల్లో మాత్రం అసలు వానే కురిసింది, పైసా అద్దె లేకుండా.