ఒక్క పూట తేడా

"థియేటర్లో మనిషిని కోసి పెట్టుకుని, నీ కంప్యూటర్ సరేననేదాకా చేతులు కట్టుకు నిలబడమంటావా తల్లీ?" అన్నాడు పెద్ద సర్జన్.

సిస్టమ్స్ ఇంజినీరు రెండు ఆర్డరు కాగితాలూ ఆయన ముందు పెట్టింది. ఆస్పత్రికి రెండు భవనాలు. ఎక్స్‌రే ఎక్కడ తీసినా రెండుచోట్లా కనిపించేలా చూసే ఫైల్ సిస్టమ్‌ను ఆమె ఎంపిక చేయాలి. వడపోతలో రెండు మిగిలాయి. భవనాల మధ్య కేబుల్ తెగితే, మొదటిది తన దగ్గరున్న కాపీని వెంటనే చూపిస్తుంది, అది పాతదైనా సరే. రెండోది, కొత్త కాపీ ఏదో తేలేదాకా ఫైలే తెరవదు. సర్జన్‌కు మొదటిది కావాలి. ఆయన మాట డైరెక్టర్ కాదనడు. సాయంత్రంలోగా సంతకాలు పడాలి.

"పాతది చూసి కోస్తే, సర్?"

"ఒక్క పూటలో మనిషి లోపల ఏం మారిపోతుంది? ఆలస్యం అమృతం విషం అన్నారు, వినలేదా?"

అయితే పరీక్షించి చూద్దామంది. కేబుల్ పొద్దున ఎనిమిదింటికే తీసేశానని చెప్పి, ఒక్కో సిస్టమ్ ఎక్కించిన రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఫైలు నంబరు కొట్టింది.

రెండో తెర ఆగమంది. మొదటి తెర మీద ఛాతీ ఎక్స్‌రే వచ్చేసింది. సర్జన్ నవ్వాడు. కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, ఇంటికి పంపేయొచ్చు అన్నాడు. మొదటి దాని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆమె కేబుల్ తగిలించి, అర నిమిషం ఆగి, అదే ఫైలు మళ్లీ తెరిచింది. ఇందాకటిది నిరుడు తీసిందని, ఇది ఇవాళ పదింటికి అవతలి భవనంలో తీసిందని చెప్పింది. చెబుతూ మూలనున్న తేదీ మారిందో లేదో చూసుకుంది. ఎక్స్‌రే చూడలేదు.

సర్జన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో చొక్కా గుండీ అంత మచ్చ. దాని పక్కన వేలు ఆనించి చూశాడు. తర్వాత కాగితం తీసుకుని తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"రెండోదే పెట్టించమ్మా. ఆ సంగతి తర్వాత. ముందు ఈ మనిషిని పిలిపించు. ఇంటికి వెళ్లిపోతే వెనక్కి రప్పించు. ఎవరు?"

ఆమె అప్పుడు తల తిప్పి తెర వైపు చూసింది.

"రోగుల ఫైళ్లతో పరీక్షలు చేయకూడదు కదా సర్. నాదే పెట్టాను."