మా కాలంలో లేని రోగం

కామారెడ్డి డాక్టరు రక్తపరీక్ష చేసి చెప్పిన మాట, ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి చెల్లకుండా పోతుంది. మా ఐదేళ్ల సాయిలతకు పల్లీలు పడవని, తింటే గొంతు వాచి ఊపిరాడదని వాడకట్టంతా చెప్పాను. అక్కడ డాక్టర్లకు కొరతా? అందరూ నవ్వారు.

అందరిలో పెద్ద డాక్టరు మా అత్త ఎంకవ్వ. "పల్లీలు పడకపోవుడేంది? మా కాలంల గిసొంటి రోగాలే లెవ్వు. సదువు ఎక్కువైతే గిట్లనే అయితది."

సద్దుల బతుకమ్మకు వాడకట్టంతటికీ పల్లీల సత్తుపిండి చేసేది ఆమే. ఆ సాయంత్రం అందరి ముందూ పిల్ల నోట్లో ఇంత పెట్టింది. నేను డాక్టరిచ్చిన సూదిమందు పట్టుకుని ఉరికాను.

అరగంట గడిచింది. పిల్ల ఇంకొంచెం కావాలంది.

"సూసినవా సదువుకున్న కోడలా, ఏమన్నైందా?" అన్నారు ఆడవాళ్లు. పరీక్షే తప్పేమో, నేనే పిచ్చిదాన్నేమో అనిపించింది.

ఇంటికొచ్చి, నేనే రెండు పల్లీలు పిల్ల చేతిలో పెట్టబోయాను. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగు! ఈయేడు పిండిల పల్లీలు ఎయ్యలే. అందరికి ఉత్త మక్కజొన్నలే పట్టిచ్చిన."

"మీ కాలంలో ఈ రోగమే లేదంటిరి కదా, అత్తమ్మా?"

"లేకుండె బిడ్డా. దిష్టే ఉండె. నా పెద్ద పోరడు గుప్పెడు పల్లీలు తిని, ఊపిరాడక పోయిండు. అందరు దిష్టి అన్నరు. నేను గూడ అన్న."